ఉఫ్

ఉరవకొండలో మగ్గాల వీధి చివర
హుసేనప్ప అంగట్లో అర్ధగంటకు రెండు రూపాయలు.
సైకిళ్లకు పంచర్లేసే చోటే
ఒక చిన్న టీవీ, రెండు రిమోట్లు.
ఒకదానికి ఎడమ బటను పనిచేయదు,
అది ఎప్పుడూ ఆలస్యంగా వచ్చినోడికే.

పసుపు క్యాసెట్ మీద
తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది ఆటలని ఉండేది.
లెక్కపెట్టినాం. పదకొండే.
మిగతావన్నీ అవే, పేర్లు మార్చుకొని వచ్చేవి
ఎన్నికలప్పుడు వచ్చేవాళ్ల మాదిరి.

తెర బూడిదరంగులో వణికితే
హుసేనప్ప క్యాసెట్ ఊడబీకి
నోటి దగ్గర పెట్టుకొని ఉఫ్ అనేవాడు,
వాళ్ల నాయన దర్గా కాడ
జ్వరమొచ్చిన పిల్లోళ్ల నెత్తిన ఊదినట్టే.
ఆ ఊపిరిలో ఏం చదివేవాడో,
ఇటుకల గోడ లేచేది, గోడ నడుమ గద్ద కూర్చునేది,
పైనుంచి ట్యాంకులు దిగేవి.

గద్దను కాపాడాల. అంతే.
మా ఓబులేసు మాత్రం ప్రతిసారీ
సొంత గద్దనే కాల్చి "పొరపాటు రా" అనేవాడు.
వాడితో నేను మాట్లాడని రోజులు
మొత్తం కలిపితే ఒక ఎండాకాలం.

సుంకులమ్మ పాలక్యాను మోసుకొచ్చేది.
వాళ్లమ్మ లెక్కలో అది హోటలుకు పోయే దోవ.
క్యాను గడప బయట పెట్టి, లంగా మడిచి కూర్చుంటే
ముప్పై స్టేజీలు దాటినా ఒక్క ప్రాణం పోయేది కాదు.
పాలు విరిగేవి. వీపున దెబ్బలు పడేవి.
మర్నాడు మళ్లీ వచ్చేది.

ముప్పై నాలుగో స్టేజీలో ఒకనాడు కరెంటు పోయింది.
దాచిపెట్టుకునే వీల్లేని ఆట.
తెర నడుమ తెల్లచుక్క కాసేపు నిలబడి
అదీ పోయింది.
ఎవరమూ మాట్లాడలేదు.
సుంకులమ్మ లేచి దుమ్ము దులుపుకొని
"ఇంగ మొదట్నుంచి" అనింది,
ఎవరో కొత్త నోటుబుక్కు ఇచ్చినట్టు.

ఇప్పుడు నేను మోటార్ల మెకానిక్కుని.
రాత్రి మూడింటికి వచ్చే కరెంటు కోసం
శెనక్కాయ చేలల్లో స్టార్టరు డబ్బా తెరిస్తే
మొదట మీటరు పెట్టను. ఊదుతాను.
ఫోను చార్జింగు బొక్కలో ఊదుతాను,
తాళంచెవి ఊదుతాను, సిమ్ముకార్డు ఊదుతాను.
దుమ్ము పోతుందో లేదో,
ఊపిరి బిగబట్టిన ఆ రవ్వంతసేపు
నాకు పదకొండేళ్లు.

చదువుకున్న పిల్లోడొకడు చెప్పినాడు,
ఊదితే ఏమీ కాదంట,
ఎంగిలి తడికి రాగి చిలుమెక్కుతుందంట,
ఊడదీసి మళ్లీ పెట్టడమే అసలు మందంట.
కావచ్చు.
దర్గా కాడ జ్వరాలు కూడా అట్లే తగ్గింటాయి.

పోయిన గురువారం గుంతకల్లు బస్సులో
కండక్టరమ్మ టికెట్టు మిషను మొరాయించింది.
రెండుమార్లు తట్టింది. మూత తెరిచి, కాగితం చుట్ట తీసి,
నోటి దగ్గర పెట్టుకొని, కళ్లు సగం మూసి,

ఉఫ్.

మిషను కిర్రుమనింది.
నోటు పట్టుకున్న చెయ్యి చాచి అట్లే ఉండిపోయినాను,
ముప్పై అయిదో స్టేజీ తర్వాత ఏముంటుందో
ఇన్నేళ్లుగా అడగాలనుకున్న మనిషిని.

"చిల్లర ఇయ్యన్నా, అందరూ నూర్లే ఇస్తే ఎట్ల?"

జేబులన్నీ వెతికి లెక్కపెడితే
మూడు రూపాయలు తక్కువ.
"పోనీలే" అని టికెట్టు చించి చేతిలో పెట్టి,
కడ్డీ పట్టుకొని ముందుకు పోతా అరిచింది:
"ఇంగ ఎవరు?"