కింద ఏం రాయాలి

కందుకూరు, పామూరు రోడ్డు.
రాత్రి ఎనిమిదికి కరెంటొచ్చింది.
ఆరడుగుల ఫ్లెక్సీ, మాలకొండయ్య పెద్దకర్మకి.
కరేడు రొయ్యల చెరువుల కాడ కాపలా మనిషి.
ఆధార్ ఫోటోకి కోటు తొడిగాను,
వెనక మబ్బులు పెట్టాను.

నాలుగు పాదాలు ఏఐని అడిగితే
చెప్పిన టీ వచ్చేలోపే ఇచ్చింది:
కన్నీటి సంద్రం, ఆరని దీపం, ధ్రువతార.

డిగ్రీ చదివే మేనల్లుడు పట్టుబట్టాడు.
"కింద రాయన్నా,
మిషన్ రాసిందో, నువ్వు రాసిందో.
ఉన్నదున్నట్టు ఉండాల."

సొరుగులో నా నోటుబుక్కుంది.
పంతొమ్మిదేళ్లుగా అందులోంచి ఒకే పద్యం
పేరు మార్చి ఎంతమందికి వేశానో.
ఓసారి మార్చడం మరిచాను,
ఎవరూ చూడలేదు.
అందులోనూ ధ్రువతార ఉంది.
అదెవరు రాశారో నాకూ తెలీదు.

పెంచలమ్మ అప్పటిదాకా స్టూలు మీద
పలక్కుండా కూర్చునుంది.
"ఆ తారలూ అయ్యీ ఆయనకి తెలీవబ్బయ్యా.
రాత్రయితే ఫోన్ చేసి ఒకటే అనేదాన్ని:
మోటారేసి రా,
సంగటి చల్లారతా ఉండాది.
అది ఎయ్యి."

నాలుగు పాదాలూ చెరిపాను.
ఆమె మాట టైపు చేశాను.
'ఉండాది' కింద ఎర్రగీత పడింది, తప్పని.
అట్నే ఉంచాను.

ప్రింటు బయటికొస్తుంటే, ఇంకు తడారకముందే
వేలు ఆనించి అడిగింది,
"ఇదేనా నేను చెప్పింది?"
వేలు నా షాపు ఫోన్ నంబరు మీద ఉంది.

ఆ వేలు పట్టుకుని
జానెడు పైకి జరిపాను.
మేనల్లుడు ఇంకా అడుగుతూనే ఉన్నాడు,
కింద ఏం రాశావని.