తలుపుకాడి రాయి

తొలకరి పడిన మర్నాడు
ఊరంతా చేలల్లో వంగి ఉంటాది.
బళ్ళారి నుంచి, గుంతకల్లు నుంచి వచ్చినోళ్ళు గూడా
టార్పాలిన్ కింద సద్దిమూట పెట్టి
ఎర్రమట్టిలో వజ్రం కోసం దేవులాడతాంటారు.
ఆ పొద్దే నా సంచిలో
పంతొమ్మిది కవర్లు దొరికినాయి.

పంతొమ్మిదీ ఒకే కొలత, ఒకే జిగురు వాసన.
పంపినోళ్ళ అడ్రసులో ఊరుంది, వీధి లేదు.
ప్రతి కవరు మీదా "అద్రుష్టవంతులు" అని ఎర్రచ్చు.
ఐదో తరగతి తప్పిన మా తమ్ముడు గూడా
ఆ మాట అంత తప్పుగా రాయడు.

నేను తపాలా మనిషిని.
కవరు చింపకూడదు, దాచకూడదు.
పేరుండి, ఊరుండి, స్టాంపుండి వస్తే
పామునైనా తీసుకపోయి చేతికియ్యాల్సిందే.

ఉరుకుందమ్మ నాతోనే చదివించుకుంది.
లోపల వెండిపూత కార్డు.
సున్నపుడబ్బీ మూతతో గీకితే
తెల్లకారు బయటపడింది.
"ఏం బండి నాయనా ఇది?"
"కారు, అవ్వా."
"మా సందులో పట్టదు కదప్పా!"
నవ్వొచ్చింది. ఆ వెనకే భయమేసింది.
కారు పట్టదన్న మనిషి
బదులు దుడ్లియ్యమని అడగడానికి ఎంతసేపు?
కింద చీమలంత అక్షరాలు:
ముందు పార్సిలు విడిపించుకోవాలంట,
మూడువేల రెండునూర్లు.

పోయినేడు కౌలుట్లయ్య విడిపించుకున్నాడు,
శెనక్కాయ విత్తనానికి దాచిన దుడ్లతో.
లెక్కబెట్టింది ఈ వేళ్ళే, రసీదు రాసింది ఈ పెన్నే.
పెట్టె నిండా పాత పేపరు ఉండలు,
నడుమ ఒక బండముక్క.
బేతంచెర్లలో అట్లాంటివి దోవ పొడుగునా పారేసుంటారు.
కౌలుట్లయ్య నన్నొక్క మాట అనలేదు.
ఆ రాయిని మా ఆఫీసు తలుపుకు అడ్డం పెట్టిపోయినాడు.
ఇప్పటికీ గాలికి తలుపు కొట్టుకోకుండా
అదే ఆపుతాండాది.

అందుకే ఈసారి ఇల్లిల్లూ తిరిగి చెప్పినా:
"పార్సిలొస్తాది. తెచ్చేదీ నేనే.
'తీసుకోను' అనండి, చాలు.
దాని మీద అదే రాసి వెనక్కి కొడతా.
ఆ మాటకు స్టాంపు ఖర్చు గూడా లేదు."

రాత్రి పంతొమ్మిది పేర్లూ కాయితమ్మీద రాసి
పత్తికొండకు పంపినా.
"అయ్యా, అన్నీ ఒకే చేతి నుంచి వచ్చినట్టుండాయి.
ఈ మోసం మనమే మొయ్యాలనా?"
మూడు వారాలకు దస్తగిరి సారు వచ్చినాడు.
దొరికిన కవర్లు మూటగట్టి, టీ తాగి,
తలుపుకాడి రాయిని కాలితో కదిపి
"ఇదీ సాక్ష్యమే కదా" అన్నాడు.
"సాక్ష్యమే సార్. తీసుకపోతే తలుపు కొట్టుకుంటాది."

పార్సిళ్ళు పన్నెండు వచ్చినాయి.
పది వెనక్కి పోయినాయి.
ఒకాయన ఊర్లో లేడు.
ఒకామె మాత్రం, పేరు చెప్పను,
తలుపు దగ్గరికేసి నోట్లు లెక్కబెట్టి
"నువ్వు చెప్పేది నిజమేలే నాయనా,
అయినా ఒకవేళ..." అంది.
నా దగ్గర శానా ముద్రలుండాయి.
ఆ ఒకవేళ మీద కొట్టేది లేదు.

ఆదివారం మళ్ళా వాన.
నేనూ చేలో వంగినా.
పక్క సాలులో ఉరుకుందమ్మ
కొంగు నడుముకు చుట్టి, మునివేళ్ళతో మట్టి గీకుతా
తల ఎత్తకుండానే అంది:
"ఈ నేల గూడా ఆశ పెడతాది గానీ,
ముందుగా దుడ్లు అడగదు కదప్పా."