పట్టూ విడుపూ

పగలంతా వేగమే నా జీతం.
అంబులెన్స్ సైరన్ వింటే గొర్రెలు కూడా పక్కకి జరుగుతాయి
ఈ వేల్స్ కొండదారుల్లో.
డ్యూటీ దిగాక, బూట్లు విప్పి,
వంటబల్ల మీద పాత తువ్వాలు పరిచి
నెమ్మదిని తయారుచేస్తాను.

పెట్టెలో వచ్చినప్పుడు మూరెడు బండి.
ఇనుమనుకున్న చోటల్లా ప్లాస్టిక్.
మొదటి వారమే స్టీరింగ్ సర్వో చేతులెత్తేసింది:
రెండు రాళ్ల మధ్య చక్రం ఇరుక్కుంటే
తిప్పలేక జిర్రుమని ఏడ్చేది.
మార్చాను. కొత్తదాని బలానికి కొమ్ము విరిగింది.
కొమ్ము మార్చాను. కొమ్ము నిలబడితే లింకు వంగింది.
గోచీ కాపాడుకోవడానికి పిల్లిని పెంచి
సంసారిగా తేలిన సన్యాసి ఉన్నాడే,
ఆయన నాకు దగ్గర చుట్టం.

పక్కింటి ఇద్వల్‌వి
నలభై ఏళ్లు పలకరాయి చీల్చిన చేతులు.
ఊపిరి తక్కువ, అందుకని మాట పొదుపు.
బల్ల దగ్గర కూర్చుని నా అలెన్ కీలు
సైజువారీగా పేరుస్తాడు, అడగకుండా.
పైతొడుగుకి ఆయన మనవరాలు నెస్తా రంగు వేసింది:
ఆకుపచ్చ, తలుపు మీద ఒక కన్ను.
ఎందుకంటే, "రాయిని చూసుకోవద్దా మరి" అంది.

మా బ్లైనై ఫెస్టినియోగ్ వెనక
ఇళ్ల కప్పుల కోసం కొండను తవ్వారు.
పది పాళ్లు తవ్వితే ఒక పాలు కప్పయింది,
తొమ్మిది పాళ్లు కుప్పయింది.
కొండను తవ్వి ఎలుకను పట్టడమంటారే,
ఆ కుప్ప మీద ఇప్పుడు నా ఎలుక పాకుతోంది.

అక్కడొక బండ. మోకాలెత్తు, నీలిబూడిద రంగు,
అంచు కత్తిలా. ఆరు నెలలు అదే నా శత్రువు.
మోటార్ పెద్దది వేశాను: వెల్లకిలా పడింది.
ఇంకా పెద్దది వేశాను: ఇంకా అందంగా పడింది.
"తొందర," అన్నాడు ఇద్వల్.
ఊపిరి తీసుకుని, "పైన బరువు."

అసలు పని అప్పుడు మొదలైంది.
బ్యాటరీని ముందుకి జరిపి కిందికి దించాను.
ముందు ఇరుసుకి ఇత్తడి బిళ్లలు తొడిగాను,
అరచేతిలో చల్లగా, పాత కాసుల బరువు.
షాకుల్లో నూనె పలచన, స్ప్రింగులు మెత్తన.
టైరు లోపలి నురగని కత్తెరతో నక్షత్రంలా కోశాను,
రాయి తగిలిన చోట
రాయి మేరకే నలగాలని.
ఉడుంపట్టంటే బిగింపు అనుకున్నాను ఇన్నాళ్లూ.
ముందు ఒదగాలట.
ప్రతి స్క్రూకీ ఒక నీలిచుక్క జిగురు.
వేలు తీస్తే ఎక్కడిదక్కడ ఆగేలా బ్రేకు,
గోడ మీది బల్లిలా.

అంబులెన్స్ తోలే చేతికి ఇది కష్టం:
చూపుడువేలితో వెంట్రుకవాసి నొక్కి,
ఆపి, చూసి, మళ్లీ వెంట్రుకవాసి.
పుస్తకాలు మెట్లుగా పేర్చిన వంటింట్లో
నత్త ఆవులించేంత నిదానంగా
నిఘంటువు ఎక్కింది. దిగింది.
ఇద్వల్ చప్పట్లు కొట్టలేదు. టీ పెట్టాడు.

తర్వాత మూడు రోజులు వాన.
నాలుగోనాడు ముగ్గురం బయల్దేరాం,
రొట్టెల బుట్టలో బండిని పడుకోబెట్టుకుని.
కంచె ఇవతలే ఆగిపోయాం.
బండ లేదు.
కుప్ప రాత్రికి రాత్రి జారింది.
నా ఆరు నెలల శత్రువు ఎక్కడో అడుగున.
దాని చోట తడి నల్లముక్కలు, కొత్త వాలు,
నాకు పరిచయం లేని అంచులు.

రిమోట్ పట్టుకుని నిలబడ్డాను,
పెళ్లయిపోయాక చేరిన సన్నాయిలా.
"అయితే ఇప్పుడు దేన్నెక్కుతుంది?" అంది నెస్తా.

ఇద్వల్ కంచెకి ఆనుకుని
చాలాసేపు ఊపిరి కూడబెట్టుకున్నాడు.
ఇంత పొడుగు మాట ఆయన నోట ఎప్పుడూ వినలేదు:
"నేను పనిలో చేరినప్పుడు
ఈ కుప్ప అంచు ఆ గోడకి ఇరవై గజాల అవతల.
ఇప్పుడు గోడే లేదు.
నీ బండికన్నా నిదానంగా వస్తోంది.
ఒక్కసారీ వెల్లకిలా పడలేదు."

కాసేపాగి,
"ఏ టైర్లు వేశారో."