జవాబు తలకిందులుగా

పలాసలో జీడిపిక్కల బట్టీ వెనక
పొట్టు తీసే షెడ్డులో మేం పదకొండుమందిమి.
మధ్యాహ్నం కేరేజీలు కడిగాక పావుగంట మాది.
ఆ పావుగంటలో ఎవరో ఒకరు చచ్చిపోవాలి,
ఏదో ఒకటి పోవాలి,
మేం పట్టుకోవాలి.

కథలు నేను తెస్తాను.
కాశీబుగ్గ కిరాణా కొట్లో చింతపండు కట్టిచ్చిన పొట్లం కాగితం,
పాత వారపత్రికలో చివరి పేజీ.
పది లైన్ల కథ, కింద "దొంగ ఎవరు?"
ఆ కింద చీమలంత అక్షరాల్లో
తలకిందులుగా జవాబు.
టెన్త్ దాకా చదివాను కాబట్టి నేనే చదువుతాను,
జవాబు మీద బొటనవేలు ఆన్చి.
అయ్యాక అవే మడతల్లో మడిచి
ఇంటికి పట్టుకుపోతాను. అలవాటు.

తుఫాను రాత్రి కథ గుర్తుంది.
షావుకారు బీరువా ఖాళీ.
స్తంభాలన్నీ పడిపోయి ఊరంతా చీకటి.
పక్కగదిలో పడుకున్న తమ్ముడు పోలీసులతో అన్నాడు,
"ఫేను సొదలో నాకేమీ వినబడలేదు."
నేనింకా చివరి చుక్క దగ్గరకి రానేలేదు,
తవిటమ్మ గిన్నె కింద పెట్టి
"ఒలే, కరెంటు లేనిదే ఫేనెలగ తిరిగినాదే?" అంది.
అది తేలిక. నవ్వేశాం.

ఇంకోటి. ఒంటరి ఆడమనిషి చనిపోయి ఉంది.
పొయ్యి మీద ఇద్దరికి సరిపడా అన్నం.
కంచం ఒక్కటే.
బొటనవేలు తీశాను: ఆ రాత్రి చుట్టం వచ్చాడు,
తిన్నాడు, చంపాడు, రెండో కంచం కడిగి బోర్లించాడు.
గున్నమ్మప్ప ఒప్పుకోలేదు.
"సుట్టం లేడు, గిట్టం లేడు. ఆ కూడు రేపటి సద్దికి.
రాసినోడు సద్ది తిన్నోడు కాడు."
అచ్చులో ఉన్నంత మాత్రాన
జవాబు జవాబైపోదని మాకు ఆవేళ తెలిసింది.

శనివారం కథ లేదు. కళ్ళు మండుతున్నాయన్నాను.
సాయంత్రం తూకంలో నూరు గ్రాములు తగ్గింది.
గుడ్లు. ముక్కలు కావు, నూకా కాదు.
సూపర్‌వైజర్ మల్లేసు తలుపు వేశాడు.
ఇక ఇది మా కథ:

తవిటమ్మ కొప్పు రోజూ కన్నా పెద్దది.
దాలమ్మ పొద్దుట్నుంచి నీళ్ళకి మూడుసార్లు లేచింది.
నీలవేణిని కటింగులోకి పంపితే జీడి అంటి వేళ్ళు పొంగాయి,
ఈ వారం రెండురోజులు కూలి లేదు.
రాజులమ్మ ఎవరి కళ్ళలోకీ చూడటం లేదు,
ఆమె ఎప్పుడూ చూడదు.
మా చిట్టిది ముందురోజు రాత్రి అడిగింది,
"అమ్మా, రోజూ ఒలుస్తావు గదా, తింటే ఎలగుంటాది?"
అయినా చదివే మనిషి లెక్కలోకి రాదు.

కొప్పులు విప్పించాడు. తవిటమ్మ కొప్పులో సవరం.
ఒడులు దులిపించాడు.
కేరేజీ మూతలు, సంచీల అడుగులు.
నా దగ్గరకి వచ్చి, చేతిలో పొట్లం కాగితం చూసి
"అన్నీ పట్టేస్తావంట గదా, ఎవులో సెప్పు" అన్నాడు.
"జవాబు చిరిగిపోయింది సార్" అన్నాను.
అతను నవ్వలేదు.
పదకొండుమందికీ తలా పది రూపాయలు కోశాడు.
గేటు దాటేదాకా గున్నమ్మప్ప నా పక్కనే నడిచింది.
చెయ్యి పట్టుకోలేదు, మాట్లాడలేదు.

సోమవారం కేరేజీలు కడిగాక
అందరూ నా వైపు తిరిగారు.
శనివారం చదవని కథ, అదే కాగితం.
మడత విప్పాను.
మడతలో గోధుమరంగు పొట్టు,
గోరంత రేకు.
పదిమందీ చూశారు,
పది లైన్లు చదవడానికి పట్టేంతసేపు.
గున్నమ్మప్ప పాత జీడి మచ్చల వేలితో
దాన్ని తీసి, అరచేతిలో పెట్టుకుని,
ఊదేసింది.
"ఊఁ, సదువు," అంది.
"బేగి. పావుగంటే ఉన్నాది."