పంటిగాటు

ఏడుండేవి.
మహేంద్రతనయ ఇంట్లోకొచ్చిన రాత్రి
బియ్యం డబ్బా ఎత్తాం, పట్టా కాగితాలు ఎత్తాం,
కుట్టుమిషన్ని మంచం మీదికెక్కించాం.
పైపులు గుర్తొచ్చేసరికి
గోడ మీది చెక్క గూడు
గుమ్మం దాటి వీధిలో తేలుతోంది.

ఇప్పుడు మళ్ళీ మొదలు.
నెలకి నాలుగు వందలు, పైసా ఎక్కువ కాదని
సన్యాసమ్మ గీత గీసింది.
సర్వే ఆఫీసులో ముప్పై ఏళ్ళు
ఊళ్ళకి హద్దులు గీసినవాణ్ణి,
ఆ గీతకి నేనేం అడ్డు చెప్పను?

శనివారం పర్లాకిమిడి సంతలో
బైరాగి పాత సామాన్ల గోనె పరుస్తాడు.
చెవుల్లేని తాళంకప్పలు, ఒంటి కాడ కళ్ళజోడు,
పదకొండింటికి ఆగిపోయిన అలారం,
వాటి మధ్య, అదృష్టముంటే, ఒక పైపు.
నేను ఒడియాలో అడుగుతాను,
వాడు తెలుగులో చెబుతాడు,
బేరం తెగకపోతే
ఇద్దరం కలిసి హిందీలో విసుక్కుంటాం.

చౌకదాన్ని ఎంచడమే కష్టం.
ఖరీదైనదాన్ని నమ్మితే చాలు,
దీన్ని చూడాలి.
గిన్నె అంచుని గోటితో తడతాను,
పగులుంటే కుండలాగే చెప్పేస్తుంది.
వార్నిష్ మరీ మెరిస్తే వదిలేస్తాను,
కొయ్య మొహం చూడనివ్వని మెరుపది.
జేబులో చీపురుపుల్ల ఎప్పుడూ ఉంటుంది.
నోటి కొసలో దూరిస్తే
గిన్నె అడుగున, సరిగ్గా అడుగున తేలాలి.
బెత్తెడు పైన తేలిందా,
ఇక దాని జన్మంతా అడుగున తడి పొగాకే.

మొదటిది మొక్కజొన్న బెండుది, నూట ఎనభై.
బరంపురం బస్సు కండక్టరు తెచ్చిచ్చాడు.
పళ్ళ మధ్య ఉన్నట్టే ఉండదు.
పైపు కాదది, పైపు గురించిన ఆలోచన.

రెండోది కొమ్ముది.
ఉదయనాథ్ మహారాణా కొంగలు చేస్తాడు, రొయ్యలు చేస్తాడు,
పైపు ఎప్పుడూ చెయ్యలేదు.
కొమ్ము కాలితే కంపు కొడుతుందయ్యా అన్నాడు.
కాల్చను, చెయ్యమన్నాను.
రొయ్య కోసం వంచిన ముక్కని
మీసాలు పెట్టకుండా ఆపి నాకిచ్చాడు.
మూడొందల ఇరవై.
ఇప్పటికీ కాస్త రొయ్యలాగే చూస్తుంది.

మూడోది కొనకూడనిది.
అంచు మాడింది, పుల్ల పైనే తేలింది,
నా నియమాలన్నిటికీ తప్పింది.
కానీ నల్ల కాడ మీద
ఎవరిదో పంటిగాటు, రెండు వైపులా లోతుగా.
నాదేమోనని, ఏటి నీళ్ళు తిరిగి తెచ్చాయేమోనని
సంత నడిమధ్య నోట్లో పెట్టుకుని చూశాను.
కుదరలేదు. వెడల్పాటి దవడ ఎవరిదో,
కోపిష్టి మనిషై ఉండాలి.
నూట పదికి తెచ్చుకున్నాను.
సన్యాసమ్మ వేడినీళ్ళలో మూడుసార్లు కడిగింది,
గాటు పోలేదు.

మా అమ్మ అడ్డపొగ తాగేది.
చుట్ట నిప్పు నోటి లోపల, ఆకు కొస బయట.
నా మొదటి పైపు చూసి పగలబడి నవ్వింది,
"నిప్పుని బయటెట్టుకుని తాగుతావేటిరా, పిరికోడా!"
ఆ నవ్వే అంగిట్లో తర్వాత పుండు లేచింది.
ఆ సంగతి ఇక్కడ వద్దు.

పెద్దాసుపత్రి డాక్టరు
మూడు బంతుల ప్లాస్టిక్ డబ్బా చేతికిచ్చి
గొట్టం పళ్ళతో పట్టుకుని పీల్చమన్నాడు.
ఒక బంతి లేచింది.
రెండోది ఆలోచించింది.
మూడోది కదల్లేదు.
ఇన్నేళ్ళు ఎన్ని గొట్టాల్లో పుల్ల దూర్చి చూశాను,
నాలో దూర్చి చూసిన పుల్ల ఎక్కడ తేలిందో
ఆయన చెప్పలేదు, నేనడగలేదు.

డబ్బా మూడొందల యాభై.
ఈ నెల డబ్బు దానికే పోయింది.
కొత్త గూడులో కొమ్ము రొయ్య పక్కన పెట్టాను.
అదీ గొట్టమే, పళ్ళతో పట్టేదే,
నిప్పు అక్కర్లేనిదే.
సన్యాసమ్మ లెక్కలో మూడున్నాయి.
నా లెక్కలో నాలుగు.