ఇంటి కూరకి

పద్నాలుగు రోజులు ఉచితం అంది మొదటిది.
ఆ తర్వాత అడిగే ధర
నా రెండు నెలల ఫెలోషిప్, అదీ వస్తే.
రెండోది ఊరికే వచ్చింది గానీ
పోలమ్మ మాటలకు ఒత్తులన్నీ ఊడగొట్టి
వరసగా డబ్బాలు పేర్చింది.
మూడోదానితో కుదిరింది. కుదిరిందని కాదు,
మద్దిలపాలెం గదిలో కరెంటు పోయేలోగా
ఏదో ఒకటి నేర్చుకోవాలి కదా.

వాక్యం మీద గీత లాగు, రంగు ఇవ్వు, పేరు పెట్టు.
'అప్పు'కు ఎరుపు. 'తుపాను'కు నీలం.
'మొగుడు' అని పెట్టి, చెరిపి, 'ఇంటి పని' అన్నాను.
నలభై ఒక్క ఇంటర్వ్యూలు, నూట పన్నెండు పేర్లు.
పదిహేడో ఇంటర్వ్యూ, ఇరవయ్యో నిమిషం:
"ఆ ఏడు గంగ మాకేటీ ఇవ్వనేదమ్మా" అని
అర్జిల్లి పోలమ్మ ఆగిపోయింది.
తర్వాత కత్తిపీట చప్పుడే, చాలాసేపు.

దీనికేం రంగు?

తెల్లారగట్ల చేపలరేవుకెళ్లాను, అడగడానికి కాదు.
కుప్ప ముందు గొంతుక్కూర్చుని ఏరుతోంది,
కానాగంతలు ఇటు, కవ్వలు అటు,
చేతుల వైపు చూడకుండానే,
పక్కామెతో చీటీపాట గొడవ చెబుతూ.
కొన్నిటిని ఏ గంపలోనూ వెయ్యక
మోకాలి పక్కన పెట్టుకుంది.
"అవేటి?" అన్నాను, ఆమె యాసలోనే.
"ఇవా? ఈటికి బేరం నేదు. ఇంటి కూరకి."

ఇవాళ నూట పదమూడో పేరు చేర్చాను.
మా గైడు అడుగుతారు, ఇదేం కోడు అని.
అడగనీ.
ఆ కత్తిపీట చప్పుడంతా అందులోనే ఉంది,
ఇంకా ఉప్పు కూడా వెయ్యలేదు.