లాంతరు పట్టినవాడు

పన్నెండేళ్లప్పుడు కుదిరాను
డాక్టర్ ఆల్వా స్టెబిన్స్ దగ్గర, గుర్రానికి గడ్డి వెయ్యడానికి.
వెర్మాంట్ కొండల్లో మంచు కరిగే నెల,
బండి ఇరుసు దాకా బురదలో దిగబడితే
ఆయన దిగి నడిచేవాడు, మందుల సంచీ నెత్తిన పెట్టుకుని.
వెనక నేను, లాంతరుతో.

జీతం లేదు. తిండీ, బట్టా,
ఏ జాములో తలుపు తట్టినా లేచే అలవాటూ.

నా అక్షరం గుండ్రంగా ఉంటుందని
పద్దులు నాచేతే రాయించేవాడు.
బ్రిగ్స్ గారింట్లో కాన్పు, కవలలు: మేపుల్ చక్కెర పది పౌన్లు.
ముసలి టటిల్ పన్ను పీకినందుకు: తిట్లు.
లవీనా హోల్కం, ఆరేళ్లు, గొంతులో పొర కమ్మే జ్వరం...
అక్కడ కలం ఆపమనేవాడు.
పిల్ల పోయిన ఇంటి వోట్లు
మన గుర్రం కూడా ముట్టదురా, అనేవాడు.

అరవై రెండులో నడుముకి ఆకుపచ్చ పట్టీ చుట్టుకుని
రెజిమెంటు వెంట వెళ్లాడు.
నేనూ వెళ్లాను. ఎందుకని అడక్కండి.
లాంతరు ఇంకెవరు పడతారు?

వర్జీనియాలో ఒక పొగాకు కొట్టం.
తలుపు ఊడబీకి రెండు పీపాల మీద పరిస్తే అదే బల్ల.
ఆకు ఘాటు, దాని మీద క్లోరోఫారం తీపి.
ఈనాటికీ ఎవరైనా చుట్ట వెలిగిస్తే
నేను లేచి బయటికి పోతాను.
రంపం చప్పుడు గురించి చెప్పను.
కిటికీ కింద పోగు ఎంత ఎత్తు లేచిందో చెప్పను.
తెల్లవారుజామున ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.
ఆజ్ఞ అనుకున్నాను. నాడి చూస్తున్నాడు.
"పోయి పడుకో" అని
లాంతరు కమ్మీ తన పళ్ల మధ్య కరిచిపట్టి
మళ్లీ వంగాడు.

పేర్లు రాసే తీరిక లేదు.
వరస అంకె, కుడో ఎడమో, మోకాలి పైనో కిందో.
ఆయన మాత్రం ఇంకో గడి గీయించాడు:
పాదం పొడుగు, అంగుళాల్లో.
నిద్ర లేక మతి తప్పిందనుకున్నాను.

ఇంటికొచ్చాక కట్టెలు కోసే రంపం ముట్టలేదు.
ఆ పని నాదైంది.
అడిగినవాడూ లేడు, చెప్పినవాడూ లేడు.

మూడో చలికాలం
చంక కింద కర్రతో ఈనస్ ఫార్నం వచ్చాడు.
టోపీ తియ్యలేదు.
"తీసెయ్యక తప్పలేదా డాక్టర్? అది అడుగుదామనే
పదకొండు మైళ్లు వచ్చాను."
ఆయన పుస్తకం తెరిచాడు. పేరుంటేగా.
పొయ్యి దగ్గర మోకాళ్ల మీద కూచుని
ఈనస్ మిగిలిన పాదాన్ని జానతో కొలిచి, అంకెల వెంట వేలు పోనిచ్చి
నలభై ఒకటి దగ్గర ఆగాడు.
ఎడమ. మోకాలి కింద. పదిన్నర.
"ఆ రాత్రి నాకు తెలుసు" అన్నాడు.
"ఇవాళ తెలీదు."

గడియారం కొట్టుకుంటూనే ఉంది. ఎన్ని కొట్టిందో.
తర్వాత ఈనస్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.
నేను సూపు వడ్డించాను.

డాక్టర్ వేలు ఇంకా పుస్తకం మీదే ఉంది.
యాభై ఆరు: కుడి, పదిన్నర.
వాడెవడో నాకు గుర్తుంది,
మత్తులో కూడా ఆవుల పేర్లు పిలిచాడు:
లైమన్ పెక్, నది అవతలివాడు.

అప్పణ్ణించి ఏటా అక్టోబర్లో ఒకటే జత కొనేవారు.
ఒక ఏడు ఈయన డబ్బు, ఒక ఏడు ఆయన డబ్బు.
కుడిది ఇటు, ఎడమది అటు,
మా వాకిట్లోంచే పంపకం.
ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడలేదు.
చూడమని డాక్టరు అననూ లేదు.

ఆయన పోయి తొమ్మిదేళ్లు.
గుర్రమూ పోయింది. పద్దులు నేనే రాస్తున్నాను,
అక్షరం ఇప్పుడు వణుకుతోంది.

ఈ అక్టోబర్లో నది అవతల నించి
ఎడమ బూటు తిరిగి వచ్చింది,
లేసు కూడా విప్పకుండా.
ఏ గడిలో రాయాలో తోచక
లాంతరు పక్కన పెట్టుకుని కూచున్నాను.
కొత్త తోలు వాసన.
పొద్దున్నే ఈనస్‌కి కబురు చెప్పాలి, నడిచి.